ఆరు చల్లని బిళ్ళలు

మే 8, గురువారం

మిర్చి యార్డుకి సోమవారం నుంచి నెల రోజులు సెలవులని బోర్డు పెట్టారు. సెలవులంటే బడి పిల్లలకి సంబరం గానీ, మిరపకాయల తొడిమలు తీసుకుని బతికే మాకు గుండెల్లో రాయి పడ్డట్టే. యార్డు మూస్తే ఇక కోల్డ్ స్టోరేజీలో ఉన్న పాత సరుకే దిక్కు. దానికి ఆరుగురు చాలు. మా షెడ్డులో ఉన్నది ముప్పై రెండు మందిమి.

ఆ ఆరుగురు ఎవరన్నది ప్రతి శనివారం తంబోలా ఆడి తేలుస్తాం. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. నవ్వనీ. అంతకుముందు మేస్త్రీ పేరయ్య తేల్చేవాడట. పళ్ళికిలించినవాళ్ళకి ఒక వారం పని, గోడౌను వెనక్కి రమ్మంటే వెళ్ళినవాళ్ళకి ఇంకో వారం. రెండేళ్ళ కిందట సైదాబీ పిన్ని ఆడవాళ్ళందరినీ పోగేసి రెండు రోజులు గేటు ముందు కూర్చుంది. "మా రాత రాయడానికి నువ్వెవరయ్యా? పైవాడు రాస్తాడు. లేదా చీటీ రాస్తుంది" అందట. నేనప్పటికి ఇక్కడ లేను. ఉంటే చూడ్డానికి బాగుండేది.

మనిషికి ఒకటే టిక్కెట్టు. శుక్రవారం సాయంత్రం పంచి, వెనకాల పేరు రాయించుకుంటారు. పనున్నా లేకున్నా శనివారం పొద్దున ఒక పూట అందరం కాయలు ఒలవాలి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆట. అంకెల బిళ్ళలు పాత సైకిల్ స్టాండువి, ఇత్తడివి, తొంభై. అవి ఉండే రేకు పెట్టె పిన్ని ఇంట్లో ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టి తీసేది పిన్ని, అంకె చూసి అరిచేది మేస్త్రీ. అందరికంటే ముందు అయిదు అంకెలు కొట్టినవాళ్ళకి జల్దీ ఫైవ్. తర్వాత మూడు గీతలు, నాలుగు మూలలు, ఫుల్ హౌస్. ఆరు గెలుపులు, ఆరుగురికి వారం పని.

మిగతావాళ్ళకి ఆట పోతే వారం పస్తు, లేదంటే చుట్టాల ఇల్లు. నాకు పోతే పర్చూరు.

పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి అన్నయ్యే ఒప్పించాడు. "పనున్నన్నాళ్ళు గుంటూరులో ఉంటుంది. పని ఆగిన రోజు మొగుడి దగ్గరికి వచ్చేస్తుంది. ఇక దాని మీద మాట లేదు" అన్నాడు. నన్ను అడగలేదు. సోమవారం సోమవారం పదింటికి మా ఆయన యలమంద పర్చూరు నుంచి వీడియో కాల్ చేస్తాడు, నేను షెడ్డు చూపించాలి. ఎడమ చెవి ఎలాగూ వినపడదు, ఫోను కుడి వైపు పెట్టుకుంటాను.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. ఆమె ఇంట్లోనే ముందు గదిలో అద్దెకుంటూ, మా ఆయన చెన్నైలో పని చేస్తాడని చెప్పాను. తన్నులు తిని వచ్చానని చెప్పుకుంటే జాలిపడతారు. జాలిపడిన మొహాలు చూడటం నావల్ల కాదు.

మే 9, శుక్రవారం

టిక్కెట్టు వచ్చింది. రాత్రి ఫోన్లో 'బింగోలో గెలవడానికి ఏడు కిటుకులు' అని ఒక వీడియో చూశాను. టై కట్టుకున్నవాడు చెప్పాడు. ఒకటి, ఎక్కువ టిక్కెట్లు కొనండి. ఇక్కడ కుదరదు. రెండు, తక్కువమంది ఆడే చోట ఆడండి. మూడు, చివరి అంకెలు వేరువేరుగా ఉన్న టిక్కెట్టు ఎంచుకోండి. నాలుగు, పిలిచేవాళ్ళకి దగ్గరగా కూర్చోండి. మిగతావి సొల్లు. ఏడోది, గెలుపోటములని సమానంగా తీసుకోండి అని. యలమందని కట్టుకుని ఉంటే చెప్పేవాడా ఆ మాట?

రెండోది మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది.

మే 10, శనివారం

పొద్దున్నే నగ్మా పక్కన కూర్చున్నాను. దాని చెల్లెల్ని కొత్తపట్నం ఇచ్చారు.

"ఆటలో వస్తుందో రాదో, ఎందుకే ఈ టెన్షను? మీ చెల్లెలి దగ్గరికి పోరాదూ? చేపలు ఎండబెట్టే పని ఎప్పుడూ ఉంటుందంటగా" అన్నాను.

"ఉంటుందంటావా అక్కా?"

"ఎందుకుండదే, సముద్రం ఎండిపోయిందా?"

అది నవ్వింది. మధ్యాహ్నం ఆట ఆడకుండానే సంచి సర్దుకుని ఒంగోలు బస్సెక్కింది. ముప్పై రెండులో ఒకటి తగ్గింది. దాని మంచికే చెప్పాను.

నాలుగు మూలలు నాకొచ్చాయి. ఒక్క అంకె తేడా. నాలుగోది 81 పడేటప్పటికి సుబ్బరావమ్మకి కూడా ఒక్కటే మిగిలుంది. సుబ్బరావమ్మ చేతిలో టిక్కెట్టు కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమెకి యాభై ఐదేళ్ళు.

గెలిచాను గదా అని సంతోషం లేదు. వచ్చే శనివారం ఉంది, దాని తర్వాత ఇంకొకటి, ఇంకొకటి.

మే 12, సోమవారం

పదింటికి ఫోన్. షెడ్డు చూపించాను. "మొహం పెట్టు" అన్నాడు. పెట్టాను. కట్ చేశాడు.

మే 13, మంగళవారం

ఇవాళ ఒకటి తట్టింది. రాసుకుంటేగానీ మనసు ఊరుకోదు.

శనివారం ఆటప్పుడు బిళ్ళల సంచి నా ఐసు నీళ్ళ బాటిల్‌కి ఆనుకుని ఉంది. పిన్ని చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ పక్కకే పోయింది. "అబ్బ, ఇక్కడ హాయిగా ఉందే" అని కూడా అంది. పొద్దుటి నుంచి తేజ రకం కాయలు ఒలిచిన చేతులు మరి. ఆ మంట తెలిసినవాళ్ళకే తెలుసు, చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలన్నా భయమే. చల్లటిది ఏది తగిలినా చెయ్యి దాన్ని వదలదు. మనం వదలమన్నా వదలదు.

పిన్నికి తెలియకుండానే చెయ్యి అటు పోయింది. అంటే పిన్ని తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు.

మే 16, శుక్రవారం

టిక్కెట్టు మీద పదిహేను అంకెలు. వాటిలో ఆరు చాలు. 7, 19, 34, 48, 62, 85. పిన్ని నమాజు చేసుకునేటప్పుడు రేకు పెట్టెలోంచి ఆరు బిళ్ళలు తీశాను. రేపు పొద్దున సోడా బండి దగ్గర ఐసు తీసుకుని స్టీలు డబ్బాలో వేస్తాను. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, పెట్టె మోసేది నేనే, బిళ్ళలు సంచిలో పోసేదీ నేనే. పోసేటప్పుడు ఇవి కూడా కలిపేస్తే సరి.

నేను ఎవరి టిక్కెట్టూ లాక్కోవడం లేదు. బిళ్ళలు తొంభైకి తొంభై ఉంటాయి. వేరే బిళ్ళ తీయకూడదని పిన్ని చెయ్యి ఎవరైనా పట్టుకున్నారా? తప్పు అనడానికి ఇందులో ఏముంది?

పిన్ని ఇప్పుడే మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మే 17, శనివారం

పడ్డాయి.

తొమ్మిది బిళ్ళల్లో అయిదు నావే. జల్దీ ఫైవ్ అని అరిచేసరికి నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తేజ మిర్చి ఘాటు చూపించిందిరో" అని పిన్ని అందరికంటే ముందు నవ్వింది.

ఒక్కటే ఇబ్బంది. ఈ ఉక్కపోతకి ఇత్తడి చెమర్చింది. ఎంత తుడిచి వేసినా సంచిలో మళ్ళీ తడి పట్టింది. 48 చేతికి రాగానే మేస్త్రీ బొటనవేలితో రుద్ది చూశాడు. "ఏంటిది, తడిగా ఉంది?" అన్నాడు.

"నా చెయ్యి చెమట పట్టింది లేవయ్యా, నీకు ఏసీ ఉంది" అంది పిన్ని.

మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా వాడి నవ్వు ఎప్పుడు నచ్చింది గనక.

మే 19, సోమవారం

ఫోన్. చూపించాను. వెనకాల గోడ కూడా చూపించమన్నాడు.

నిన్న నగ్మా మూడుసార్లు ఫోన్ చేసింది. తీయలేదు. తర్వాత మెసేజ్ పెట్టింది, కొత్తపట్నంలో పని లేదట, వేట నిషేధమట, జూన్ సగం దాకా బోట్లు కదలవట. ఏటా ఉండేదేనట. నాకా సంగతి తెలియదు. నిజంగా తెలియదు. చేపల లారీ తోలే అన్నయ్య ఎప్పుడైనా చెప్పాడేమో, గుర్తు లేదు.

మే 24, శనివారం

మళ్ళీ నాదే. ఈసారి పదకొండు బిళ్ళలు పట్టింది.

సుబ్బరావమ్మకి వరసగా మూడో వారం పోయింది. టిక్కెట్టు మడిచి రవికలో పెట్టుకుంటూ నా వైపు చూసి, "పోనీలే, నువ్వన్నా తింటున్నావు" అంది. తిట్టినా బాగుండేది. తిడితే నేనూ తిట్టేదాన్ని, సరిపోయేది.

మే 25, ఆదివారం

పొద్దున్న పిన్ని కొబ్బరినూనె వెచ్చబెట్టి నా రెండు చేతులకీ రాసింది. వద్దన్నా వినలేదు. "నీకు ఎవరున్నారే ఇక్కడ, నేను గాక?" అంది. ఆమెకి ఈ మూడు వారాల్లో ఒక్కసారీ గెలుపు రాలేదు. తీసేది తనే అయినా రాలేదు. పోయిన ఏడాది కూడా సెలవుల్లో రెండే వారాలు పని చేసిందట. ఆ మాట నవ్వుతూ చెప్పింది.

చెప్పేద్దామా అనుకున్నాను. చెప్తే బిళ్ళల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోగలనా? చెన్నై అబద్ధం చెప్పాలి, పర్చూరు చెప్పాలి, చెవి చెప్పాలి. ఇంకో రెండు వారాలు. యార్డు తెరిస్తే అందరికీ పని. అప్పుడు ఇదంతా ఎవరికి గుర్తుంటుంది?

మే 30, శుక్రవారం

టిక్కెట్టు వచ్చింది. ఆరు బిళ్ళలు తీశాను.

మే 31, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కొత్తపట్నం నుంచి నగ్మా వచ్చేసింది. నల్లగా మాడిపోయింది. నాతో మాట్లాడలేదు. వచ్చి ఎదురుగా కూర్చుంది, సంచికి మూరెడు దూరంలో. నాలుగు బిళ్ళలు పడ్డాయి, మూడు నావి. అయిదోదానికి పిన్ని చెయ్యి పెట్టింది.

"పిన్నీ, ఏం వెతుకుతున్నావు అంతసేపు?" అంది నగ్మా.

"వెతకడమేంటే? చేతులు భగ్గుమంటుంటే చల్లగా తగిలినదాన్ని కాసేపు పట్టుకుంటున్నా. ఈ సంచిలో కొన్ని భలే చల్లగా ఉంటాయే, వారం వారం చూస్తున్నా" అంది పిన్ని. అలాగే అంది. మనసులో ఏమీ లేని మనిషి అలాగే అంటుంది.

నగ్మా లేచి సంచి లాక్కుని గోతాం మీద గుమ్మరించింది. బిళ్ళల మధ్య మూడు తడిగా మెరుస్తున్నాయి. ఒకదాని మీద ఇంకా చిన్న ఐసు ముక్క ఉంది. తొందరలో సరిగ్గా తుడవలేదు.

ఇక గోల. ఎవరు ఏమంటున్నారో తెలియలేదు. "మూడు వారాలు దీనికే ఎందుకొచ్చింది? ఇద్దరూ ఒకే కొంపలో ఉంటారుగా!" "ముసలమ్మ నమాజులు చూసి నమ్మాం!" సుబ్బరావమ్మ మాత్రం పిన్నినే చూస్తూ నిలబడింది.

మేస్త్రీ చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. ఆ తడి బిళ్ళలు ఎవరి టిక్కెట్టు మీద ఉన్నాయో చూస్తాడనుకున్నాను. చూడలేదు.

"పెట్టె ఎవరింట్లో ఉంటుంది?" అని అడిగాడు.

"నా ఇంట్లో" అంది పిన్ని.

"బిళ్ళలు తీసేది ఎవరు?"

"నేను."

అప్పుడు పిన్ని నా వైపు తిరిగింది. ఒక్క క్షణం. నా స్టీలు డబ్బా నా కాళ్ళ పక్కనే ఉంది, దాని చుట్టూ నేల తడిసి ఉంది. పిన్ని దాన్ని చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ మేస్త్రీ వైపు తిరిగింది.

"పిల్లనేమీ అనకండి. పెట్టె నాది, పూచీ నాది" అంది.

నోరు తెరవాలి. తెరిచాననే అనుకున్నాను. కాలు మాత్రం డబ్బాని గోతాం వెనక్కి నెట్టింది.

ఇక ఆట లేదని చెప్పాడు పేరయ్య. పిన్ని ఇక షెడ్డుకి రానక్కర్లేదట. సోమవారం నుంచి ఎవరెవరు రావాలో తనే చెప్తాడట. "రెండేళ్ళు మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకున్నారు గదమ్మా, చూశారుగా" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పేది ఆ ఒక్క మనిషే. ఆమె అప్పటికే గేటు దాటింది.

జూన్ 1, ఆదివారం

పిన్ని నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం రెండు పళ్ళేలలో పెట్టింది.

జూన్ 2, సోమవారం

మేస్త్రీ ఆరు పేర్లు చదివాడు. ఆరోది నాది. సుబ్బరావమ్మ నా కాళ్ళ ముందు ఉమ్మేసి వెళ్ళింది. నగ్మాకి కూడా పని రాలేదు.

పదింటికి షెడ్డు చూపించాను.

జూన్ 7, శనివారం

పేరయ్య నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"రెండో వారమే తెలుసు నాకు. తడి బిళ్ళ అరిచిన ప్రతిసారీ పెన్ను కదిలింది నీ చేతిలోనే" అన్నాడు.

నేను తలుపు వైపు జరిగాను.

"భయపడకమ్మా. ఎవరికీ చెప్పను. మంచి పనే చేశావు, నేను రెండేళ్ళుగా చేయలేనిది నువ్వు మూడు వారాల్లో చేశావు. మీ ఆయన కూడా ఫోన్ చేశాడు నిన్న. ఇక్కడ పని ఎన్నాళ్ళుంటుందని అడిగాడు. అమ్మాయిని బట్టి ఉంటుందని చెప్పాను." బల్ల మీద తాళాల గుత్తి నా వైపు తోశాడు. "సోమవారం నుంచి ఏడింటికే రా. మిగతావాళ్ళు తొమ్మిదింటికి వస్తారు. గోడౌను నువ్వే తెరువు."

యలమంద నంబరు వీడి దగ్గరకి ఎలా వచ్చిందో అడగలేదు. మగాళ్ళకి ఒకళ్ళ నంబరు ఒకళ్ళకి ఎలాగో దొరుకుతుంది.

జూన్ 8, ఆదివారం

నిన్న బక్రీదు. పిన్ని ఇంటికి షెడ్డు నుంచి ఒక్కరూ రాలేదు. పోయిన ఏడాది కూర్చోవడానికి చోటు చాలలేదని పక్కింటావిడ చెప్పింది.

ఇవాళ పొద్దున పిన్ని బియ్యం ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అన్నీ చెప్పాను. బిళ్ళలు, ఐసు, నగ్మాని పంపించడం. చెన్నై లేదని, పర్చూరు అని. పెద్దమనుషుల మాట. సోమవారం ఫోన్లు. చెవి. తాళాలు. ఏడింటి సంగతి. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఏడుస్తూనే చెప్పాను, ముక్కు తుడుచుకోను కూడా లేదు.

పిన్ని చేటలో చెయ్యి ఆపి విన్నది. తర్వాత నా చెవి దగ్గర జుట్టు పక్కకి తీసి చూసింది.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"సిగ్గేసింది."

"పోయిన ఏడాది మన షెడ్డు నజ్మీన్ మొగుడు మంచాన పడ్డప్పుడు ఏం చేశామో తెలుసా? గెలిచినవాళ్ళం వారానికొకళ్ళం మా వంతు పని దానికి వదిలేశాం. అయిదు వారాలు. మేస్త్రీ నోరెత్తలేకపోయాడు. ఆట మనది, గెలుపు మనది, ఎవరికిచ్చుకుంటే వాడికేంటి?" పిన్ని చేట పక్కన పెట్టింది. "నువ్వు ఒక్క మాట చెప్పుంటే సెలవులు అయిపోయేదాకా నీకు వంతులు తిరిగేవమ్మా. సుబ్బరావమ్మే మొదట ఇచ్చేది. ఆమె కూతురు కూడా నీలాగే వచ్చేసింది."

నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "ఇప్పుడు చెప్తాను పిన్నీ. అందరి దగ్గరికీ వెళ్ళి చెప్తాను. కావాలంటే కొట్టమంటాను. మళ్ళీ గేటు దగ్గర కూర్చుందాం."

"చెప్పు. చెప్పాల్సిందే" అంది పిన్ని. కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. "కానీ ఇప్పుడు చెప్తే నీకు ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏముందే? వంతులన్నీ వాడి జేబులో ఉన్నాయి."

సాయంత్రం సుబ్బరావమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీయలేదు. నగ్మా తీసింది, విన్నది, "అయిపోయిందా?" అని అడిగి తలుపేసుకుంది.

ఇంకా ఇరవై ఎనిమిది ఇళ్ళున్నాయి. వాటిలో మూడిళ్ళకి వెళ్ళాను. చీకటి పడింది.

జూన్ 9, సోమవారం

పర్చూరు బస్సు ఆరున్నరకి. బస్టాండు దాకా వెళ్ళాను. అది కదిలేదాకా నిలబడ్డాను.

ఏడింటికి గోడౌను తెరిచాను.

పదింటికి ఫోన్ వచ్చింది. షెడ్డు చూపించాను. "పని ఉందిగా?" అన్నాడు యలమంద. ఉందని చెప్పాను.